నాలుగో బోర్డు

2024 డిసెంబరు ఆఖరి ఆదివారం. కోనేరు హంపి న్యూయార్క్‌లో రెండోసారి వరల్డ్ రాపిడ్ చెస్ ఛాంపియన్ అయిందన్న వార్త పొద్దున్నే చూశాను. ఇంకా పూర్తిగా చదవనేలేదు, ఫోన్ మోగింది. ఎత్తగానే "ఏరా నాలుగో బోర్డూ, చూశావా? మన హంపి మళ్ళీ కొట్టింది!" అని అవతలి నుంచి కేక.

నన్ను ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఐదుగురే ఉన్నారు. ఆ ఐదుగురితో కలిసి నేను చేసిన ప్రయాణం కూడా ఒక్కటే. 2003 జనవరిలో, తెనాలి నుంచి హైదరాబాద్‌కి, స్కూలు జట్ల చెస్ టోర్నమెంట్ ఆడటానికి. ఫోన్ పెట్టేశాక ఆ ఆదివారమంతా నేను ఆ ప్రయాణంలోనే ఉన్నాను.

అప్పుడు నాది ఎనిమిదో తరగతి. సాయంత్రం బడి వదిలాక లైబ్రరీ గదిలో మా లెక్కల సారు మాకు చెస్ నేర్పేవారు. ఆయన టోర్నమెంట్లు ఆడిన మనిషి కాదు. ఒక పాత పుస్తకం తెచ్చుకుని, ముందురోజు రాత్రి తను నేర్చుకున్నది మర్నాడు మాకు చెప్పేవారు. తెలియనిది అడిగితే "రేపు చెప్తానురా" అనేవారు. మర్నాడు కచ్చితంగా చెప్పేవారు. జట్టులో మేం ఐదుగురం. నాలుగు బోర్డుల మీద నలుగురు ఆడాలి, ఎవరు ఏ బోర్డు మీద ఆడితే అదే వాళ్ళ నంబరు. ఒకటో బోర్డు పదో తరగతి చదివే అక్క. రెండో బోర్డు తొమ్మిదో తరగతి అన్నయ్య. మూడో బోర్డు నా క్లాసువాడే. నాలుగోది నేను. ఏడో తరగతి బుడ్డోడు ఒకడు రిజర్వు. ఎంట్రీ ఫారం నింపేటప్పుడు సారు "ఒకటో బోర్డు, ఇలా రా, సంతకం పెట్టు. రెండో బోర్డు ఏడీ?" అని పిలవడంతో మొదలైంది. ఆ తర్వాత మేం ఒకర్నొకరం పేర్లు పెట్టి పిలుచుకున్న గుర్తు లేదు. రిజర్వు వాడికి మాత్రం మొదట్లో కాస్త ఉడుకుమోత్తనం ఉండేది, వాడి పేరులో నంబరు లేదని.

ఆ రోజుల్లో మా ఊళ్ళో చెస్ అంటే ఎంత పిచ్చి ఉండేదో ఇప్పటి పిల్లలకి చెబితే నమ్మరేమో. 2000లో ఆనంద్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 2001లో మా గుంటూరు హరికృష్ణ గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2002లో గుడివాడలో పుట్టిన హంపి పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. భారతదేశంలో ఆ టైటిల్ సంపాదించిన మొదటి అమ్మాయి ఆమే. ఆ ఏడే అక్టోబరులో వరల్డ్ కప్ హైదరాబాద్‌లో జరిగింది, ఆనందే గెలిచాడు. పేపర్లో ఏది పడినా అక్క కత్తిరించి ఒక లాంగ్ నోట్‌బుక్‌లో అంటించేది. అన్నం మెతుకులతో అంటించేది కాబట్టి ఆ పుస్తకం తెరవగానే పేజీలు కరకరమనేవి. హంపి ఫొటో ఉన్న పేజీ అంచులు తిప్పీ తిప్పీ నల్లబడిపోయాయి. "నా కంటే ఒక్క ఏడాదే పెద్దది తెలుసా" అని అక్క చెప్పేటప్పుడు ఆమె గొంతు మారిపోయేది.

మాకు లేనిదల్లా క్లాక్. స్కూల్లో మూడు బోర్డులు, నాలుగు సెట్ల కాయలు ఉండేవి. చెస్ క్లాక్ మాత్రం లేదు. సారు తన చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టి "ఒక గంటలో ఆట అయిపోవాలి" అనేవారు. గంట దాటినా ఆట మంచి పట్టులో ఉంటే ఆయనే ఆపనిచ్చేవారు కాదు. టైమ్ అనేది ఆటలో ఒక భాగమని మాకు నిజంగా తెలియదు.

సంక్రాంతి వెళ్ళిన శుక్రవారం రాత్రి బయల్దేరాం. అర్ధరాత్రి వేళ తెనాలి స్టేషన్‌లో నారాయణాద్రి ఎక్కించి, అమ్మలూ నాన్నలూ కిటికీల దగ్గర నిలబడి జాగ్రత్తలు చెబుతూనే ఉన్నారు. పండగ పిండివంటలన్నీ మా సంచుల్లోకి చేరాయి. ఐదు ఇళ్ళ అరిసెలు, ఐదు ఇళ్ళ జంతికలు. ఎవరింటి అరిసె మెత్తగా ఉందో, ఎవరింటిది పళ్ళు విరగ్గొడుతుందో గుంటూరు వచ్చేలోపే తేలిపోయింది. నడికుడి దాటాక సారు మమ్మల్ని తట్టి లేపారు. "కృష్ణ వస్తోంది, లేవండి" అని తలా ఒక రూపాయి బిళ్ళ చేతిలో పెట్టారు. చలిగాలి మొహాన కొడుతుంటే చీకట్లోకి బిళ్ళలు విసిరాం. కింద నీళ్ళు కనపడలేదు. వంతెన ఇనుప చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. "ఏం కోరుకున్నారు?" అని ఎవరూ అడగలేదు. అందరిదీ ఒకటే కోరిక కదా.

హైదరాబాద్ చలికి మేం సిద్ధంగా లేం. మా వైపు జనవరిలో ఒక దుప్పటి చాలు. మాకు బస ఇచ్చిన స్కూలు గదిలో బెంచీలన్నీ ఒక పక్కకి జరిపి జంపఖానాలు పరిచారు. ఆ గచ్చు మీద రాత్రంతా ఒకరి వెనక ఒకరం ముడుచుకుని పడుకున్నాం. అక్కని ఆడపిల్లలున్న గదిలోకి పంపారు. పొద్దున్నే వచ్చి "మా గదిలో పదకొండు జిల్లాల వాళ్ళున్నారు, నేను నాలుగు కొత్త ఓపెనింగ్‌లు నేర్చుకున్నాను" అని గొప్పగా చెప్పింది.

టోర్నమెంట్ హాల్లోకి అడుగుపెట్టిన క్షణం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. పొడవాటి బల్లలు, వాటి మీద తెల్ల గుడ్డలు, ఒక్కో బోర్డు పక్కన ఒక్కో క్లాక్. అర్బిటర్, అంటే ఆట అంపైర్, "స్టార్ట్ యువర్ క్లాక్స్" అనగానే ఆ గడియారాలన్నీ ఒక్కసారిగా నడవడం మొదలుపెట్టాయి. పెంకుటింటి మీద సన్నటి వాన పడుతున్నట్టు ఒకటే చప్పుడు. నా ఎదురుగా ఉన్నదాన్ని అప్పుడే మొదటిసారి దగ్గర నుంచి చూశాను. చెక్క పెట్టె, దానికి రెండు ముఖాలు. ఒకటి నాది, ఒకటి అవతలివాడిది. నా ఎత్తు వేసి పైనున్న మీట నొక్కితే నా గడియారం ఆగిపోతుంది, అతనిది నడుస్తుంది. పన్నెండు అంకె దగ్గర గోరంత ఎర్ర జెండా వేలాడుతూ ఉంటుంది. నిమిషాల ముల్లు దగ్గరికొస్తుంటే దాన్ని మెల్లగా పైకి లేపుతుంది. ముల్లు పన్నెండుకి చేరగానే జెండా టప్పున పడిపోతుంది. పడితే ఆట పోయినట్టే. తలా ఒక గంట.

మొదటి రౌండులో నేను ఎత్తు వేసి మీట నొక్కడమే మర్చిపోయాను. ఎదురుగా కూర్చున్న వరంగల్ అబ్బాయి తన టైమ్ కాదు కాబట్టి నిశ్చింతగా ఆలోచించుకోవచ్చు. కానీ వాడు కళ్ళతోనే క్లాక్ వైపు సైగ చేశాడు. అలాంటి పిల్లలు ఉంటారు. వాడి పేరు అడగలేదు, ఎప్పుడు గుర్తొచ్చినా వాడు బాగుండాలనుకుంటాను.

శనివారం మూడు రౌండ్లు, ఆదివారం రెండు. స్విస్ పద్ధతి కాబట్టి గెలిచేకొద్దీ గట్టి జట్లు తగులుతాయి. ప్రతి రౌండుకీ ముందు గోడకి ఎవరితో ఎవరికి ఆటో చెప్పే పెయిరింగ్ కాగితం అంటించేవారు, అందరం దాని మీదికి ఎగబడేవాళ్ళం. నాలుగు రౌండ్లలో మూడు గెలిచాం, ఒకటి ఓడాం. అక్క ఆడుతుంటే చూడటం ఒక అనుభవం. జడ ముందుకి వేసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఎత్తు ఖాయం చేసుకునేదాకా చెయ్యి బల్ల మీదికి వచ్చేది కాదు. ముట్టుకున్న కాయ కదపాల్సిందేనన్న నియమం మాకు చాలాసార్లు కొంప ముంచింది, అక్కకి మాత్రం ఒక్కసారి కూడా అడ్డురాలేదు.

ఇక ఐదో రౌండు. గెలిస్తే మాకు మూడో స్థానం. అంటే స్టేజీ మీద కప్పు. ఎదుటిది హైదరాబాద్ జట్టు. అక్క గెలిచింది, రెండో బోర్డు డ్రా, మూడో బోర్డు ఓటమి. ఒకటిన్నర, ఒకటిన్నర. మిగిలింది నా ఆట.

నా ఎదురుగా నాకంటే చిన్నవాడు, కళ్ళద్దాల పిల్లాడు. బోర్డు మీద నాకు రాజు, ఏనుగు, ఒక బంటు. వాడికి రాజు, ఏనుగు. (మేం ఇంటి దగ్గర ఏనుగు అనే అనేవాళ్ళం. అక్కడ అందరూ రూక్ అంటుంటే మొదటిరోజు నోరు తిరగక సిగ్గుపడ్డాం.) నా బంటు ఏడో గడిదాకా వెళ్ళిపోయింది. ఇంకొక్క అడుగు వేస్తే మంత్రి అవుతుంది. కానీ ఆ ముందు గడిలో నా రాజే కూర్చున్నాడు. రాజుని పక్కకి తీస్తే వాడి ఏనుగు చెక్ మీద చెక్ ఇస్తుంది. మళ్ళీ లోపలికి వెళ్తే మళ్ళీ మొదటికే. గెలిచే దారి ఉందని నాకు తెలుస్తూనే ఉంది. గుమ్మం కనపడుతోంది, తాళం చెవి దొరకడం లేదు. ఆఖరి ఐదు నిమిషాల్లో ఎత్తులు రాసుకోనక్కర్లేదు కాబట్టి కలం పక్కన పెట్టేశాను. చుట్టూ జనం మూగారు. నా జెండా పైకి లేవడం కంటి చివరనుంచి చూస్తూనే ఉన్నాను. ఏనుగుని అటు జరిపాను, ఇటు జరిపాను. చేతులు చెమటలు. ఇంకొక్కసారి లెక్క చూసుకుందామని తల వంచాను.

టప్.

చాలా చిన్న చప్పుడు. కళ్ళద్దాల పిల్లాడు మెల్లగా "ఫ్లాగ్" అన్నాడు. రెండు మీటలూ మధ్యకి నొక్కి క్లాక్ ఆపేశాడు. "నాకు బంటు ఉంది కదండీ" అన్నాను అర్బిటర్‌తో. ఆయన బోర్డు వైపు ఒకసారి చూసి, అవతలి పక్షానికి ఏనుగు ఉంది కాబట్టి ఆట వాళ్ళదే బాబూ అని అనునయంగానే చెప్పారు. కరచాలనం చేశాను. స్కోర్ షీట్ మీద సంతకం పెట్టాను. సున్నా అని రాయాల్సిన చోట నా చెయ్యి వణికి అది సరిగ్గా గుండ్రంగా రాలేదు.

మూడో స్థానానికి వెళ్ళాల్సినవాళ్ళం ఎనిమిదిలో ఆగిపోయాం.

బయట మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే సారు వచ్చి పక్కన కూర్చున్నారు. ఎంతోసేపు మాట్లాడలేదు. తర్వాత "పద" అని లేపి, రోడ్డు దాటించి ఒక ఇరానీ హోటల్‌కి తీసుకెళ్ళారు. చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. టీలో ముంచిన బిస్కెట్ విరిగి పడకుండా ఎలా తినాలో ఆయనే చూపించారు. "సారూ, గెలిచే ఆట సారూ అది" అన్నాను. "తెలుసురా. తాడు అవతల నిలబడి చూస్తూనే ఉన్నాను" అన్నారు. కాసేపాగి "క్లాక్ ఒకటి కొనిపెట్టాల్సింది. అది నా పొరపాటు" అన్నారు. ఒక మాస్టారు పిల్లాడితో తన పొరపాటని చెప్పడం నేను అదే మొదటిసారి వినడం. మరుసటి నెలలో మా లైబ్రరీ గదికి క్లాక్ వచ్చింది. స్కూలు వాళ్ళు కొన్నారనే అనుకున్నాం. సారు జీతంలోంచి కొన్నారని పదేళ్ళ తర్వాత తెలిసింది.

సోమవారం సాయంత్రం రైలు. అప్పటిదాకా ఊరు చూపిస్తానని సారు ముందే మాట ఇచ్చారు. నాకు ఎక్కడికీ వెళ్ళాలని లేదు. కానీ పొద్దున్నే సిటీ బస్సులో గోల్కొండకి బయల్దేరదీశారు. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, కొండ మీదున్న బాలాహిసార్ దగ్గర వినిపిస్తుందని పాఠంలో చదివాం. సారుకి మోకాళ్ళ నొప్పులు. మూడు వందలకి పైగా మెట్లు ఎక్కలేరు. "నేను కింద కొడతాను, మీరు పైన వినండి" అన్నారు. దారిలో రామదాసు చెర దగ్గర ఆగాం. చీకటి గదిలో గోడ మీద చెక్కిన దేవుళ్ళ బొమ్మలు చూసి రిజర్వు బుడ్డోడు చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నాడు. పైకి చేరి చెవులు రిక్కించాం. కింద గుమ్మం దగ్గర ఎంతోమంది యాత్రికులు చప్పట్లు కొడుతున్నారు. అందులో సారువి ఏవో ఎలా తెలుస్తుంది?

తెలిసింది. రెండు త్వరత్వరగా, ఒకటి ఆగి. క్లాసులో అల్లరి మితిమీరినప్పుడు ఆయన కొట్టే చప్పట్లు. ఐదుగురం ఠక్కున నోరు మూసుకుని నిటారుగా నిలబడ్డాం. ఒక్క నిమిషం తర్వాత ఒకర్నొకరం చూసుకుని పగలబడి నవ్వాం. ముందురోజు సాయంత్రం నుంచి నేను నవ్వడం అదే మొదలు.

అక్కణ్ణుంచి సాలార్‌జంగ్ మ్యూజియంకి పరుగే పరుగు. పన్నెండు గంటలు కొట్టేలోపు చేరాలని సారు పట్టుదల. బస్సు ఎక్కడ ఆగినా ఆయన చేతి గడియారం చూసుకుంటూనే ఉన్నారు. చేరేసరికి అక్కడి సంగీత గడియారం ముందు జనం తిరునాళ్ళలో బొమ్మలాటకి కూర్చున్నట్టు కూర్చుని ఉన్నారు. మేం ముందుకి దూరి నేల మీద కూలబడ్డాం. లోపల ఒక బుల్లి కమ్మరి సమ్మెట ఆడిస్తూనే ఉన్నాడు. వేళ కాగానే గడ్డం మనిషి ఒకడు తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టడం మొదలుపెట్టాడు. అందరం కలిసి పైకి లెక్కపెట్టాం. ఒకటి, రెండు, మూడు. ఆ హాలంతా తెలుగులో, ఉర్దూలో, హిందీలో, ఇంగ్లిషులో ఒకే అంకె. పన్నెండో దెబ్బకి చప్పట్లు. గడియారం మీద ముందురోజు నుంచి నాకున్న కోపం అక్కడ ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

మేలిముసుగు రెబెకా ముందు అక్క ఎంతకీ కదల్లేదు. బెంజోనీ చెక్కిన ఆ విగ్రహాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీలో కొన్నారట. పాలరాయిలో పల్చటి ముసుగు, దాని వెనక మొహం. "రాయి ఎంత ఓపిగ్గా చెక్కితే ఇలా గుడ్డ అవుతుందిరా" అంది. చార్మినార్‌కి చేరేసరికి మా కాళ్ళు పడిపోయాయి. 1591లో కట్టించిందని సారు చెబుతుంటే ఎవరం సరిగ్గా వినలేదు. లాడ్ బజార్‌లో అక్క వాళ్ళమ్మకి గాజులు కొంది. మేం నలుగురం ఆ గాజుల పెట్టెని వంతులవారీగా సికింద్రాబాద్ స్టేషన్ దాకా గుండెకి హత్తుకుని మోశాం.

రైలు బయల్దేరాక మూడో బోర్డు, రిజర్వు వెంటనే నిద్రపోయారు. అక్క తన సంచిలోంచి చిన్న అయస్కాంతాల చెస్ బోర్డు, పేపర్ కత్తిరింపుల పుస్తకం తీసింది. ఆ పుస్తకంలో, హంపి ఫొటో ఉన్న పేజీలో, మడతపెట్టిన నా స్కోర్ షీట్ ఉంది. ఆఖరి ఎత్తులు నేను రాయలేదు కదా, కాగితం వెనకవైపు పెన్సిల్‌తో అరవై నాలుగు గళ్ళూ గీసి, జెండా పడినప్పటి నా పొజిషన్ వేసి ఉంది. తన ఆట అయిపోయాక నా వెనక నిలబడి చూసిందట.

"దీనికి దారి నాకూ తెలీదురా" అంది. "నువ్వు మెట్ల మీద ఏడుస్తున్నప్పుడు వాళ్ళ కోచ్ దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆయన రెండుసార్లు ఆడి చూపించారు. ఇదిగో, ఇలా రా."

కాయలు పెట్టింది. ముందు ఏనుగుతో చెక్ ఇచ్చి అవతలి రాజుని ఇంకో నిలువు వరస దూరం తోసెయ్యాలి. తర్వాత ఆ ఏనుగుని నాలుగో అడ్డ వరసలోకి తెచ్చి ఆపాలి. "అక్కడెందుకక్కా?" అన్నాను. "చెప్తాగా. ఇప్పుడు రాజుని బయటికి తియ్యి." తీశాను. అక్క చెక్ ఇచ్చింది. పక్కకి జరిగాను. మళ్ళీ చెక్. ఒక్కో మెట్టూ దిగుతున్నట్టు నా రాజు ఐదో వరసదాకా వచ్చాడు. మళ్ళీ చెక్ ఇచ్చి, అక్క నా మొహంలోకి చూస్తూ ఆగింది. అప్పుడు కనపడింది. నాలుగో వరసలో ఉన్న నా ఏనుగు పక్కకి జరిగి రాజుకీ చెక్‌కీ మధ్య గోడలా నిలబడుతుంది. ఇక చెక్కుల్లేవు. బంటు మంత్రి అయిపోతుంది.

దాన్ని లుసేనా పొజిషన్ అంటారని, ఈ ఎత్తుల వరసకి వంతెన కట్టడం అని పేరని చాలా కాలానికి తెలిసింది. ఆ రాత్రి మాకు పేరుతో పనిలేదు.

"మళ్ళీ పెట్టు" అన్నాను. పెట్టింది. మళ్ళీ గెలిచాను. ఈసారి నేను అవతలి పక్షం తీసుకున్నాను. తర్వాత రెండో బోర్డు వచ్చి కూర్చున్నాడు, వాడికి నేను చూపించాను. రైలు ఊగుతుంటే కాయలు అంగుళం కూడా కదల్లేదు. మా పక్కన క్లాక్ లేదు.

మిర్యాలగూడ ఎప్పుడు వెళ్ళిందో తెలీదు. కృష్ణ దాటింది కూడా తెలీదు. తల ఎత్తి చూస్తే సారు తలుపు దగ్గర్నుంచి వస్తూ చేతులు దులుపుకుంటున్నారు.

"ఏంటి సారూ?" అంది అక్క.

"ఏం లేదు, ఆడుకోండి. మీవి కూడా వేసేశాను" అన్నారు.